క్రొత్త గుఱ్ఱము ఇంటికి వచ్చిన తొలి నెల

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో ప్రధానోపాధ్యాయుడు పిల్లల హాజరును గూర్చియు, పరీక్షా ఫలితములను గూర్చియు, తెలుగు పాఠ్యపుస్తకములు ఆలస్యముగా చేరుటను గూర్చియు మాటలాడుట ఆచారముగా వచ్చుచున్నది. ఆ సంగతులన్నియు నివేదికలో అచ్చైనవి. అది మీ చేతులలో నున్నది. కావున వానిని మరల చదివి మీ ప్రొద్దు పుచ్చము. ఈ పూట మేము గుఱ్ఱమును గూర్చి మాటలాడ దలచితిమి.

వెనుక వరుసలో కొందఱు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. కాని ఈ విషయము మాకు హాజరు పట్టికలోనుండియే దొరకినది. గడచిన శ్రావణ మాసమున మన ఏడవ తరగతి బాలుడొకడు ఇరువది రెండు దినములు బడికి రాలేదు. విచారింపగా తెలిసినదేమనగా, వాని తండ్రి అప్పు చేసి, పెండ్లి ఊరేగింపులకు అద్దె కిచ్చుటకై ఒక సంతలో గుఱ్ఱమును కొనెను. ఏ సంత యన్నది ఇక్కడ అనవసరము. ఆ గుఱ్ఱము ఇంటికి వచ్చిన తొమ్మిదవ దినమున మరణించినది. అప్పు మిగిలినది. వడ్డీ కట్టుటకు బాలుడు గులాబీ తోటలో పూలు కోయ పోవలసి వచ్చెను. సంఘము వారు కలుగజేసికొని వానిని తిరిగి బడికి తెచ్చిరి. వారికి మా కృతజ్ఞతలు. అయితే ఆ గుఱ్ఱము ఏల చచ్చినది? అది చావవలసినదేనా? ఈ ప్రశ్నలను ఆ వీధిలో ఎవ్వరును వేయలేదు. సుడి మంచిది కాదనిరి, దిష్టి తగిలినదనిరి, అమ్మినవాడు మోసగాడనిరి. అంతటితో మాట ముగిసినది.

మన పిల్లల ఇండ్లలో గుఱ్ఱముతో బ్రదుకుచున్న కుటుంబములు నేటికిని కొన్ని కలవు. పెండ్లి గుఱ్ఱముల వారున్నారు; జాతరలలోను దేవుని ఊరేగింపులలోను నడిపించువారున్నారు; బండి పందెములకు తట్టువలను పెంచువారు ఒకరిద్దఱున్నారు. మా తండ్రిగారికిని జట్కా బండి ఉండెడిది. ఆటోలు వచ్చిన పిమ్మట అది మూలబడినది గాని, ఆ కొట్టములో పెరిగిన వారము గనుక మాకు గుఱ్ఱపు వాసన ఇంకను క్రొత్త కాదు. మా చదువు ఇంటర్మీడియట్ వఱకే. వైద్యము చెప్పుటకు మాకధికారము లేదు. వైద్యుని ఎప్పుడు పిలువవలెనో, ఆయన వచ్చులోపల ఏమి చేయవలెనో, ముఖ్యముగా ఏమి చేయకూడదో, అంతవఱకే మేము చెప్పుదుము. ఇది పశువైద్యులను అడిగి, పుస్తకములు చూచి, సరిచూచుకొని చెప్పుచున్నది.

క్రొత్తగా తెచ్చిన గుఱ్ఱము జబ్బు పడుట మన దక్షిణ దేశమునకు మిక్కిలి పాత సంగతి. మన నేల గుఱ్ఱముల పెంపకమునకు అంతగా పేరుపొందినది కాదు. పూర్వము రాజులు అరేబియా నుండియు, పారసీక దేశపు రేవుల నుండియు ఓడలలో తెప్పించుకొనెడివారు. పదమూడవ శతాబ్ది చివర మన తీరములకు వచ్చిన మార్కో పోలో, తమిళ దేశపు పాండ్య రాజును గూర్చి వ్రాయుచు, ఆయన ఏటేట రెండు వేలకు పైగా గుఱ్ఱములను కొనుననియు, ఆయన సోదరులు నలుగురును అట్లే కొందురనియు, సంవత్సరాంతమునకు వానిలో నూఱైనను మిగులవనియు చెప్పినాడు. కారణము కూడ ఆయనే వ్రాసినాడు. ఆ గుఱ్ఱములకు మాంసముతో వండిన అన్నము పెట్టుచుండిరట. వానిని సాకుట తెలిసినవారు లేకపోయిరట. తెలిసినవారిని ఇక్కడికి రానీయకుండ వర్తకులే జాగ్రత్త పడుచుండిరట. గుఱ్ఱములు చచ్చినకొలది బేరము పెరుగును గదా! ఈ మాటలో యాత్రికుని అతిశయోక్తి కొంత ఉండవచ్చును. వర్తకుని మనసు మాత్రము మనకు తెలియనిది కాదు.

మన విజయనగర రాజుల కాలములోనిది మఱియొక ముచ్చట. పదునాఱవ శతాబ్దిలో ఆ నగరమున నుండిన న్యూనిజ్ అను పోర్చుగీసు వాడు సాళువ నరసింహరాయలను గూర్చి వ్రాసినాడు. ఆ రాజు గుఱ్ఱములను బ్రదికినవైనను చచ్చినవైనను కొనెడివాడట. సముద్రముపై మరణించిన దాని తోక తెచ్చి చూపిన చాలును, బ్రదికియున్న దానికి వలెనే వెల చెల్లించెడివాడట. రాజుకు గుఱ్ఱముల అవసరము అంతటిది. దారిలో చచ్చునవి అంత తఱచు. మనలో తోకకు వెల కట్టు రాజు ఎవ్వరికిని లేడు. నష్టమంతయు కొన్నవాని నెత్తిమీదనే పడును.

ఇంత దూరము పోనేల? మన హోసూరు ప్రక్కనున్న మత్తిగిరి పశువుల క్షేత్రమును మీరందఱును చూచియున్నారు. పిల్లలను మేమే రెండు మారులు తీసికొని పోయితిమి. ఇప్పుడు ఆవులకును ఎడ్లకును పేరుపొందిన ఆ క్షేత్రము 1824 ప్రాంతమున సైన్యమునకు గుఱ్ఱములను సమకూర్చుటకై ఏర్పడినది. క్రొత్త గుఱ్ఱములను దండునకు పంపుటకు ముందు కొంతకాలము ఊరక మేపి, అలవాటు చేసి, జబ్బులు బయటపడునేమో చూచి, ఆ పిమ్మటనే జీను వేయుట సైన్యపు పద్ధతి. మనము సోమవారము కొని శుక్రవారము పెండ్లికి తోలుచున్నాము.

ఇక అసలు విషయమునకు వచ్చెదము. క్రొత్త గుఱ్ఱమునకు కీడు దారిలోనే మొదలగును. మన ప్రాంతమువారు ఎక్కువగా ఆడి మాసపు అంతియూరు సంతకు పోవుదురు. అక్కడకు రాజస్థానమునుండి మార్వాడీ జాతివియు, గుజరాతునుండి కాఠియావాడీ జాతివియు వచ్చును. కొందఱు మహారాష్ట్రములోని సంతలకును పోవుచున్నారు. అనగా మీరు కొనునాటికే అది లారీలో ఎన్ని దినములు నిలిచి వచ్చినదో తెలియదు. మీరు మరల దానిని లారీ ఎక్కించుచున్నారు. కదలకుండ ఉండవలెనని తల పైకెత్తి పొట్టి త్రాటితో కట్టుదురు. ఇక్కడనే చిక్కు. గుఱ్ఱము రోజులో ఎక్కువ భాగము తల నేలకు వంచి మేయు జంతువు. తల వంచినప్పుడు శ్వాసనాళములోని శ్లేష్మమును దుమ్మును క్రిందికి జారి ముక్కునుండి బయటికి పోవును. తల పైకి కట్టిన అవి లోపలనే నిలిచి ఊపిరితిత్తులవైపు దిగును. పండ్రెండు గంటలు దాటిన ప్రయాణములో ఈ భయము మిక్కుటము. ఇంటికి వచ్చిన ఒకటి రెండు దినములకు జ్వరము, మేత మానుట, పొడి దగ్గు కనబడును. ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చినచో గుఱ్ఱము అడుగు కదపదు. చూచువారు కాళ్ళ నొప్పి యనియో కడుపు నొప్పి యనియో భ్రమపడి నడిపింతురు. నడిపించిన కొలది చెడును.

కావున త్రాడు తల వంచుకొన గలిగినంత పొడవుగా ఉండవలెను. నాలుగైదు గంటల కొకసారి బండి నిలిపి నీళ్ళు చూపవలెను. ఇల్లు చేరగానే గడ్డిని గోడ తొట్టిలో గాక నేలపై వేయవలెను. తొలి వారము దినములు ఉదయము సాయంకాలము జ్వరమానిని పెట్టి చూడవలెను. నీరోగియైన గుఱ్ఱమునకు వేడిమి 99 మొదలు 101 డిగ్రీల ఫారెన్‌హీట్ వఱకు ఉండును. 101.5 దాటెనా, రేపు చూతమనక ఆ పూటనే పశువైద్యునికి కబురు పంపవలెను. జ్వరమానిని వెల ఎంత? ఆ గుఱ్ఱమునకు కట్టిన పూసల పట్టీ వెలకన్న తక్కువే.

రెండవ చిక్కు నీరు. ఊరి నీరు మారినప్పుడు మనకే మింగుడు పడదు. గుఱ్ఱము వాసన చూచి మొగము త్రిప్పుకొనును. ఎండదినములలో కానిచో ఏ పనియు చేయని గుఱ్ఱము కూడ రోజునకు ఇరువది ఐదు మొదలు నలువది లీటర్ల నీరు త్రాగవలెను. త్రాగకపోయిన ప్రేగులలోని మేత గట్టిపడి అడ్డము పడును. మా తండ్రిగారు క్రొత్త గుఱ్ఱమును తెచ్చునపుడు అమ్మినవాని యింటి బావి నీరు రెండు డబ్బాలు పట్టుకొని వచ్చి, మన నీటిలో కొంచెము కొంచెముగా కలిపెడివారు. అది ముసలివారి చాదస్తమని మేము చిన్ననాడు నవ్వితిమి. ఇప్పుడు వైద్యులును నీటిని అట్లే మార్చవలెనని చెప్పుచున్నారు. నీటిలో పిసరంత బెల్లము కలిపి రుచి ఒక్కటిగా చేయుటయు కలదు. బాల్చీలతో కొలిచి ఇడుట మేలు. ఎంత త్రాగినదో తెలియును. చెమటతో వచ్చిన గుఱ్ఱమునకు నీళ్ళు చూపరాదను మాటను పట్టుకొని గంటలకొలది ఎండగట్టుట తప్పు. కొంచెము కొంచెముగా, మాటి మాటికి ఇయ్యవలెను.

మేతను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలననగా మన ఇండ్లలో గుఱ్ఱములు ఎక్కువగా చెడునది దీనివలననే, అదియు ప్రేమవలననే.

క్రొత్త గుఱ్ఱము వీధిలో దిగును. ఇల్లాలు పసుపు కుంకుమలు పెట్టి హారతి ఇచ్చును. అంతవఱకు చాల మంచిది. పిమ్మట పెద్దమ్మ బెల్లపు అచ్చు తెచ్చును. పినతండ్రి అరటిపండ్ల అత్తము తెచ్చును. ప్రక్కింటివారు నానబెట్టిన ఉలవలు గంపతో తెచ్చుదురు. అలసి వచ్చినది, బలము రావలెనని గృహస్థు మఱి రెండు శేర్లు వేయును. పెండ్లిలో మిగిలిన అన్నము, పాయసము పెట్టువారిని కూడ మేము చూచియున్నాము. ఆ రాత్రి గుఱ్ఱము కాలితో నేల గోకును, ప్రక్క వైపు తిరిగి తన కడుపును చూచుకొనును, పండుకొనును, లేచును, పొరలును. తెల్లవాఱునప్పటికి ఇంటిల్లిపాదియు ఏడ్చుచుందురు.

గుఱ్ఱము కడుపు ఎద్దు కడుపు వంటిది కాదు. ఎద్దునకు నెమరు వేయుటకు పెద్ద పొట్ట ముందే యున్నది. గుఱ్ఱపు జీర్ణాశయము దాని దేహమును బట్టి చూడగా మిక్కిలి చిన్నది, పది పదునైదు లీటర్ల పాటిది మాత్రమే. గడ్డి అరగునది వెనుక భాగమున, నూఱు లీటర్లకు పైగా పట్టు పెద్ద ప్రేగు తిత్తులలో. అక్కడ కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది యుండి గడ్డిని పులియబెట్టి ఆహారముగా మార్చును. ఆ జీవులు అలవాటైన మేతకే అలవాటు పడియుండును. రాజస్థానపు గుఱ్ఱము శనగలు, బార్లీ, అక్కడి ఎండు గడ్డి తిని వచ్చినది. మనము ఒక్కమారుగా ఉలవలు, రాగి గడ్డి వేయుదుము. గింజలు మితిమీరి వెనుక ప్రేగులకు చేరినచో ఆ సూక్ష్మజీవులలో మంచివి చచ్చును, ఆమ్లము పుట్టును, వాయువు చేరును, విషము రక్తములో కలియును. మనిషియైన వాంతి చేసికొని బ్రదుకును. గుఱ్ఱమునకు వాంతి లేదు. లోనికి పోయినది వెనుకకు రాదు.

ఆ విషమే ఒక్కొక్కప్పుడు కాళ్ళకు దిగును. గిట్టలోపలి మెత్తని పొర వాచును. గుఱ్ఱము ముందుకాళ్ళను చాచి, బరువంతయు వెనుక కాళ్ళమీద వేసి నిలుచును, గిట్టలు వేడెక్కును, త్రిప్పుటకు ప్రయత్నించిన త్రిప్పుకొనదు. కడుపు నొప్పినుండి బయటపడినను, గిట్ట లోపలి ఎముక స్థానము తప్పిన గుఱ్ఱము మరల ఊరేగింపునకు పనికిరాదు. మందుకన్న ముందు జాగ్రత్తయే ఇక్కడ దిక్కు.

మఱి ఏమి చేయవలెను? కొనునపుడు అమ్మువానిని మేత ఏమి, ఎన్ని పూటలు, ఎంత కొలత యని అడిగి వ్రాసికొనవలెను. సాధ్యమైనచో అదే గడ్డి రెండు మూటలు, అదే దాణా ఒక గోతము కొని తెచ్చుకొనవలెను. తొలి రెండు మూడు దినములు గడ్డియు నీరును ముఖ్యము, దాణా నామమాత్రము. పిమ్మట పాత మేత తగ్గించుచు, క్రొత్త మేత పెంచుచు, పది పదునాలుగు దినములకు పూర్తిగా మార్చవలెను. మూడు వందల యాబది కిలోల గుఱ్ఱమునకు రోజునకు ఆఱేడు కిలోల ఎండు గడ్డి వలయును. దాణా ఎంతైనను ఒక్కపూటకు రెండు కిలోలు మించనే కూడదు. ఉలవలు చెడ్డవని మా మాట కాదు. మన తాతలు గుఱ్ఱములను పెంచినది వానితోనే. ఆంగ్లేయులు ఉలవలకు గుఱ్ఱపు శనగలని పేరే పెట్టిరి. క్రొత్తదానికి క్రమముగా అలవాటు చేయుడని మాత్రమే చెప్పుచున్నాము.

కడుపు నొప్పి చిహ్నములు కనబడగానే ముందున్న మేత తీసివేయవలెను, వైద్యుని పిలువవలెను. పొరలి గాయపడకుండ మెల్లగా నడిపింపవచ్చును. అలసిపోవునట్లు పరుగెత్తించుట తగదు. తల పైకెత్తి సీసాతో నూనెయో కషాయమో పోయు అలవాటు మన వీధులలో ఇంకను పోలేదు. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి పోయినచో కడుపు నొప్పి తగ్గినను గుఱ్ఱము దక్కదు. వైద్యుడు ముక్కుద్వారా గొట్టము దించి కడుపులోనికే పోయుచున్నాడని సరిచూచుకొని మఱీ పోయును. అది ఆయన విద్య, మనము చేయదగినది కాదు.

ఇంకొక సంగతి. గుఱ్ఱము మందలో బ్రదుకు జీవి. తోడు లేక క్రొత్త కొట్టములో ఒంటరిగా కట్టివేసిన అది రాత్రియంతయు కాలు మార్చుచు, మేత సరిగా తినక చిక్కిపోవును. దిగులువలనను, కడుపు గంటలకొలది ఖాళీగా ఉండుటవలనను జీర్ణాశయములో పుండ్లు పడును. కొందఱు మేకను తోడుగా కట్టుదురు. అది నవ్వదగిన విషయము కాదు, మంచి అలవాటు. గడ్డి కొంచెమైనను ఎల్లప్పుడు ముందుండవలెను.

ఇప్పుడు అంటువ్యాధులు. ఇంటిలో ఇదివఱకే గుఱ్ఱమున్నచో క్రొత్తదానిని తెచ్చి దాని ప్రక్కన కట్టుటకన్న పెద్ద పొరపాటు లేదు. సంతలో వందలకొలది గుఱ్ఱములు ఒకే తొట్టిలో నీరు త్రాగును. పైకి ఆరోగ్యముగా కనబడు దానిలో వ్యాధి బీజము ఉండవచ్చును. దవడ క్రింది గ్రంథులు వాచి, చీముపట్టి పగులు వ్యాధి ఒకటి కలదు. ఆంగ్ల వైద్యులు స్ట్రాంగిల్స్ అందురు. అది అంటుకొన్న మూడు మొదలు పదునాలుగు దినములకు బయటపడును. గుఱ్ఱపు ఇన్‌ఫ్లూయెంజా మఱింత వేగముగా వ్యాపించును. 1987లోను, మరల 2008 సంవత్సరమునను అది మన దేశములో పెక్కు రాష్ట్రములకు ప్రాకినది. కావున క్రొత్త గుఱ్ఱమును మూడు నాలుగు వారములు వేఱుగా ఉంచవలెను. దాని బాల్చీ వేఱు, దాని దువ్వెన వేఱు, దాని కళ్ళెము వేఱు. ఒక్కరే రెండింటిని చూచుచున్నచో పాతదాని పని ముందు ముగించి, క్రొత్తదానిని చివర ముట్టి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. స్థలము లేదందురు. నిజమే, మన వీధులలో ఇండ్లు ఇఱుకు. బంధువుల పొలమునందో, ఊరి వెలుపలి చింతతోపునందో నెల దినములు కట్టుకొనుడు.

వానలు వెలిసిన పిమ్మట జోరీగలు పెరుగును. ఆ ఈగల కాటుచే వ్యాపించు సుఱ్ఱా అను జ్వరమొకటి యున్నది. ఈ వ్యాధికి కారణమైన జీవిని 1880లో పంజాబు ప్రాంతమున గ్రిఫిత్ ఎవాన్స్ అను సైనిక పశువైద్యుడు కనిపెట్టెను. జ్వరము వచ్చి పోవుచు, గుఱ్ఱము తినుచుండియు చిక్కుచు, పొట్ట క్రిందను కాళ్ళకును నీరు దిగును. రక్తములో దాగియున్న ఈ వ్యాధి ప్రయాణపు అలసటతో పైకి లేచుటయు కలదు. దీనికి మందున్నది, రక్తపరీక్ష చేయించిన తెలియును. ధనుర్వాతమునకు టీకా ఉన్నది. గుఱ్ఱము ధనుర్వాతమునకు మిక్కిలి లోబడు జంతువు. లాడపు మేకు గ్రుచ్చుకొన్నను చాలును. కొన్న వారములోనే టీకా సంగతి అడుగుడు. గుఱ్ఱమును చూచుకొను మనిషి కూడ వేయించుకొనవలెను.

అన్నిటికంటె గట్టిగా చెప్పవలసినది గ్లాండర్స్ అను వ్యాధిని గూర్చి. ముక్కునుండి జిగురు చీము కారును, ముక్కు పొరపై పుండ్లు పడును, కాళ్ళవెంట గడ్డలు వరుసగా లేచి పగులును. ఇది గుఱ్ఱమునుండి మనిషికి సోకును. సోకినచో ప్రాణమునకే అపాయము. దీనికై ఆంగ్లేయుల కాలమున 1899లోనే ప్రత్యేక శాసనము చేయబడినది. ఇప్పుడు 2009 నాటి పశు అంటువ్యాధుల నివారణ చట్టము అమలులో నున్నది. కొంతకాలము మన దేశమున కనబడక, 2006లో మహారాష్ట్రమున మరల తలయెత్తి, తరువాతి సంవత్సరములలో ఇతర రాష్ట్రములలోను బయటపడినది. వ్యాధి నిశ్చయమైన గుఱ్ఱమునకు చికిత్స చేయరు. దానిని చట్టప్రకారము ప్రాణము తీసి పూడ్చుదురు. యజమానికి ప్రభుత్వము పరిహార మిచ్చును. ఆ భయముచేతనే కొందఱు దాచిపెట్టుదురు, కొందఱు సంతకు తోలి అమ్మివేయుదురు. ఆ గుఱ్ఱము ముక్కు తుడుచువాడు ఎవడు? మన బడికి వచ్చు పదియేండ్ల కుఱ్ఱవాడు. తల్లులారా, ముక్కు కారుచున్న గుఱ్ఱము దగ్గఱకు పిల్లలను పోనీయకుడు. ఇంటి మగవారు కాదన్నను పోనీయకుడు.

కొనుటకు ముందే రక్తపరీక్ష పత్రమును అడుగుట మన హక్కు. మాదిరి రక్తమును పశువైద్యుడు తీసి పంపును. గుఱ్ఱముల వ్యాధులకై హర్యానాలోని హిస్సారులో జాతీయ పరిశోధన కేంద్రము 1985 నుండి పనిచేయుచున్నది. ఈ పరీక్షలకు అది ప్రధాన స్థానము. పత్రము చూపుమన్న మొగము ముడుచుకొను వర్తకుని వద్ద కొనకుండుట మేలు. మూడు దినములు చక్కగా నడచి నాలుగవ దినమున కుంటు గుఱ్ఱములును కలవు. నొప్పి తెలియకుండ సూది వేసి అమ్మినవి కావచ్చును, లారీలో దెబ్బ తగిలినవి కావచ్చును. వెంటనే తగవునకు పోక ముందు వైద్యునికి చూపుడు. ఆయన వ్రాసియిచ్చిన చీటీతో పోయిన మాటకు బలముండును.

సుడులను గూర్చి ఒక మాట. మన భాషలో అశ్వశాస్త్రము చిన్నది కాదు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమను గ్రంథమునే తెలుగున రచించినాడు. నుదుటి సుడి, మెడ సుడి చూచి కొనుట మన పెద్దలనుండి వచ్చినది. చూచుకొనుడు, మేము వలదనము. సుడి చూచుటకు పట్టు క్షణములోనే ముక్కు లోపలికి చూచుడు, దవడ క్రింద చేయి పెట్టి తడవుడు, ప్రక్కలు ఎగురుట చూచి ఊపిరి లెక్కింపుడు. విశ్రాంతిగా నున్నపుడు నిమిషమునకు ఎనిమిది మొదలు పదునాఱు మాత్రమే ఉండవలెను. దవడ అంచున వ్రేలు పెట్టిన నాడి తగులును. అది ఇరువది ఎనిమిది మొదలు నలువది నాలుగు వఱకు. ఈ లెక్క మన ఐదవ తరగతి పిల్లవాడు వేయగలడు.

ఈ చివరి మాటకొఱకే ఇంతసేపు మాటలాడితిమి. ఇక్కడ పశువైద్యశాలలో వ్యవహారము తమిళములో జరుగును. మనవారు గుఱ్ఱమును తోలుకొని పోయి, తెలుగున కొంత, కన్నడమున కొంత, వచ్చీరాని తమిళమున కొంత చెప్పుదురు. వైద్యుడు, "ఎన్నాళ్ళనుండి? జ్వరమెంత? పేడ వేసినదా? నీళ్ళెన్ని త్రాగినది?" అని అడుగును. మనము "నిన్నటినుండి బాగులేదండి" అని ఊరకుందుము. ఆయన దోషమేమున్నది? ఏడవ తరగతి బాలుని గుఱ్ఱము విషయములో కూడ వైద్యుడు వచ్చునప్పటికి జ్వరము ఎప్పుడు మొదలైనదో చెప్పగలవారు ఆ యింట లేకపోయిరి. ఆ బాలుడు ఒక్కడే ప్రతి సాయంకాలము గుఱ్ఱము ప్రక్కన కూర్చుండి దాని నీళ్ళు, మేత గమనించెడివాడట. వానిని ఎవ్వరును అడుగలేదు.

మన పిల్లలకు తెలుగు, తమిళము, ఆంగ్లము మూడును వచ్చును. కావున ఈ సంవత్సరము బడిలో ఒక చిన్న నోటు పుస్తకము సిద్ధము చేయించితిమి. తేది, ఉదయపు జ్వరము, సాయంకాలపు జ్వరము, ఊపిరి, నాడి, నీరు ఎన్ని బాల్చీలు, మేత ఏమి ఎంత, పేడ ఎన్నిసార్లు, దగ్గు, ముక్కు అను గడులు తెలుగునను తమిళమునను అచ్చువేయబడినవి. ముప్పది దినములకు ముప్పది పుటలు. క్రొత్త గుఱ్ఱము గాని, ఆవు గాని, ఎద్దు గాని కొన్నవారి పిల్లవాడు దీనిని నింపి, వైద్యుడు వచ్చినపుడు ఆయన చేతికి ఈయవలెను. నీరోగియైన గుఱ్ఱము రోజునకు ఎనిమిది మొదలు పండ్రెండు మార్లు పేడ వేయును. ఆ గడిలో రెండే యున్న వైద్యునికి వేఱు మాట చెప్పనక్కఱ లేదు. తరగతి గణితములోను దీనినే అభ్యాసముగా ఇచ్చుటకు మా సహోపాధ్యాయులు ఒప్పుకొనిరి.

సంఘము వారు దయతో పశువుల జ్వరమానులు నాలుగు కొని ఇచ్చిరి. అవి కార్యాలయమున నున్నవి. పేరు వ్రాసి తీసికొని పోవచ్చును, నెల దాటకుండ కడిగి తిరిగి ఈయవలెను. జ్వరమానికి దారము కట్టి, దారపు చివర తోక వెండ్రుకలకు ముడివేయుట మఱువకుడు. లేనిచో అది లోనికి పోవును. వాడు విధానమును వచ్చే శనివారము మధ్యాహ్నము బడి ఆవరణలో చూపింతుము. పశువైద్యులు ఒకరు వచ్చుటకు అంగీకరించిరి. మీరును రండు, పిల్లలను తీసికొని రండు. గుఱ్ఱమును మాత్రము, క్రొత్తదైనచో, తీసికొని రాకుడు.